ఆదెమ్మ చెవీ, వెంకటప్పయ్య గోడా

బూర్గంపాడులో ఆదెమ్మ గురించి ఒక మాట ఉంది. ఆమె గోడకు చెవి ఆనించి తాపీ పిడితో నాలుగు దెబ్బలు కొట్టిందంటే, లోపల ఏం దాచి ఉందో గోడే ఆమెకు చెప్పేస్తుందట. అశ్వాపురం అవతల ఎవరింట్లోనో అట్లాగే కొడుతూ కొడుతూ ఒకచోట ఆగిపోయిందట. అక్కడ తవ్వితే బిందె బయటపడిందట. టీ బండి గోపాలు చెప్పినప్పుడు అది ఒక్కటే ఇత్తడి బిందె. భద్రాచలం బస్సు ఎక్కేసరికి రెండయ్యాయి. పెనుబల్లి నుంచి వచ్చిన చుట్టాలు అదే కథను వెంకటప్పయ్య ఇంట్లో కూర్చుని చెప్పినప్పుడు బిందెలు ఏడు, ఒక్కో మూత మీద ఒక్కో పాము పడగ. ఎవరు చెప్పినా చివర మాత్రం ఒకటే. ఆ ఇంటివాళ్ళు మరుసటి నెలే పైన ఇంకో అంతస్తు వేశారు.

"మరి ఆదెమ్మకేం ఇచ్చారు?" అని అడిగింది వెంకటప్పయ్య భార్య హైమ.

"చీర పెట్టారంట."

ఏడు బిందెలకు ఒక చీర అనేది హైమకు సబబుగా తోచలేదు. కనీసం జాకెట్టు ముక్కయినా కలిపి పెట్టాల్సింది అంది.

ఈ మాటలన్నీ నాగలత మెట్ల కింద కుట్టు మిషను దగ్గర కూర్చుని విన్నది. ఆమె వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇరవై రెండేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా గోదావరి ఇంట్లోకి వచ్చింది. పుస్తకాలు ఉబ్బి గుమ్మడికాయల్లా అయ్యాయి. వరద తీశాక ఇల్లు కడుక్కోవడంలో పడి, ఆ అమ్మాయిని మళ్ళీ కాలేజీకి పంపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తనే గుర్తు చేద్దామంటే, నాగలతకు నోరు తెరిచి అడగడం కంటే చేతి మీద సూది గుచ్చుకోవడం తేలిక. అందుకని కుట్టు నేర్చుకుంది. మెట్ల కింద మిషను పెట్టుకుంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు నడుము వంచి లోపలికి తొంగి చూడాలి. లేచేటప్పుడు ప్రతి ఒక్కరి తలా మెట్టుకు తగిలేది. తల నిమురుకుంటూ వెళ్ళినవాళ్ళు రెండోసారి రావడానికి ఆలోచించేవారు.

ఆమెకు కావలసింది వీధి వైపున్న ముందు గది. ఆ గది పెద్దది, వెలుతురు బాగా వస్తుంది. కానీ దాని గోడలు చూస్తే ఎవరికీ అందులో కూర్చోబుద్ధి కాదు. వరద మనిషి రొమ్ము ఎత్తున నిలిచిన గది అది. నీళ్ళు తీశాక వీరబాబు అనే తాపీ మేస్త్రి వచ్చి, ఊడిన చోటల్లా సిమెంటు కొట్టి, రెండు రోజుల్లో పని ముగించి, చేతులు దులుపుకుని వెళ్ళాడు. అది తాతల నాటి సున్నపు గోడ. సిమెంటు దాని ఒంటికి పడలేదు. ఏడాది తిరక్కుండానే పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. మొన్న వినాయక చవితి నాడు పళ్ళెం వెడల్పున్న పెచ్చు ఒకటి ఊడి సరిగ్గా ఉండ్రాళ్ళలో పడింది. వెంకటప్పయ్య ఆ రోజే తేల్చేశాడు.

"దసరా లోపల ఈ గోడ బాగుపడితే గది నీది, మిషను వేసుకో. లేదంటే ఎరువుల బస్తాలు దించుతా. బస్తాల మీద పెచ్చులు పడితే వాటికేం నొప్పి లేదు."

ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. బస్తాలకు చోటు చాలడం లేదని ఆర్నెల్ల నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. నాగలత తల ఊపింది. ఆమె తల ఊపడమంటే మిగతావాళ్ళు పది వాక్యాలు మాట్లాడినట్టు.

కబురు అందుకుని, చవితి వెళ్ళిన నాలుగో రోజు ఆదెమ్మ బస్సు దిగింది.

బిందెల కథ విని ఆ మనిషి ఎంత ఎత్తుంటుందో అనుకున్నవాళ్ళకు ఆమెను చూస్తే నిరాశే. పొట్టి మనిషి. యాభై దాటి ఉంటుంది. అడవి వైపు పల్లె ఆమెది. మోకాళ్ళ దాకా ఎగదోపిన చీర, భుజాన ఒక బియ్యం సంచి. సంచిలో తాపీ, ఉలి, సుత్తి, ఈత కుంచె, చీపురు, బొగ్గు ముక్క, ఇంకా చిన్న మూటలో కరక్కాయలు. సొంత తిండి, సొంత గ్లాసు. హైమ మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, గదిలోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర నాగలత ఆమెకు ఎడమ వైపు నిలబడింది. ఆదెమ్మ అమ్మాయి భుజాలు పట్టుకుని కుడి వైపుకు తిప్పి నిలబెట్టుకుంది.

"ఇటుండు బిడ్డా. గిట్లయితే మంచిగుంటది."

గోడలతో పని చేసేవాళ్ళకు దిక్కుల పట్టింపు ఉంటుంది కాబోలని నాగలత అనుకుంది.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఆదెమ్మ గోడకు ఎడమ చెంప ఆనించింది. చెవి పూర్తిగా గోడకు అతుక్కుపోయింది. ఒక కన్ను మూసింది. ఎడమ చెయ్యి గోడ మీద పరిచి, కుడి చేత్తో తాపీ పిడి పట్టుకుని టక్, టక్, టక్ అని కొట్టింది. ఒక అడుగు జరిగి మళ్ళీ కొట్టింది. కొన్ని చోట్ల చప్పుడు గట్టిగా వచ్చింది. కొన్ని చోట్ల పగిలిన కుండ మీద కొట్టినట్టు వచ్చింది. అట్లా వచ్చిన చోట గోడకు ఎదురుగా తిరిగి, గుమ్మం వైపు ఎడమ భుజం పెట్టి, బొగ్గుతో గుండ్రంగా గీసింది.

గుమ్మంలో నిలబడ్డ వెంకటప్పయ్యకు ఒళ్ళు జలదరించింది. కథలో చెప్పినట్టే ఉంది, అక్షరం పొల్లుపోలేదు.

ఆమె బొగ్గుతో గీస్తుండగా "ఆదెమ్మా," అని పిలిచాడు. ఆమె పలకలేదు.

"ఆదెమ్మా, ఏమంటోంది?"

పలకలేదు. మూడోసారి కూడా పలకలేదు. వెంకటప్పయ్య చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళి, భార్యతో గుసగుసగా అన్నాడు.

"ఒంటి మీద స్పృహ లేదే ఆవిడకి. గోడతో ఉంది."

"గోడతో ఉంటే ఉండనివ్వండి. మీరు కొట్టుకు పోండి," అంది హైమ.

ఆ రోజంతా ఆదెమ్మ కొట్టడం, గీయడం. సాయంత్రానికి నాలుగు గోడల మీదా సున్నాలే సున్నాలు. రెండో రోజు కూడా కొట్టింది. మొదటి రోజు గీసిన వాటిలో రెండింటిని తుడిచేసి కొత్తవి మూడు గీసింది. మూడో రోజు ఉలి తీసింది. సున్నాల లోపలి డొల్ల గచ్చునంతా కొట్టి తీసింది, అది కదిలినంత మేరా. చెయ్యెడు అనుకున్నది మూరెడైంది, మూరెడు అనుకున్నది బారెడైంది. అంచులు మాత్రం చాలా జాగ్రత్తగా కొట్టింది. పైన ఇరుకు, లోపల వెడల్పు వచ్చేట్టు ఉలిని వాలుగా పట్టుకుంది.

"ఎందుకక్కా అట్లా?" అని నాగలత అడిగింది, కుడి పక్క నిలబడి.

"కొత్త పూత లోపలికి పోయి పట్టుకోవాలె గదా. మొఖం మీద అంటిస్తే ఏముంది, ఉండ్రాళ్ళల్ల పడ్తది."

ఉండ్రాళ్ళ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాగలతకు తెలియలేదు. గోపాలు టీ బండి ఆ గోడ అవతలే ఉందని తర్వాత గుర్తొచ్చింది.

ఆదెమ్మ తక్కువ మాట్లాడుతుంది. నాగలత అంతకంటే తక్కువ. అయినా రోజుకు రెండు మాటల చొప్పున ఆమె బతుకంతా నాగలతకు తెలిసిపోయింది. ఆదెమ్మకు పదేళ్ళప్పటి నుంచే పండగ ముందు ఎర్రమట్టితో గోడలు అలకడం తన వంతు. అరచేత్తో మెత్తి, అరచేత్తో సాపు చేస్తే, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చీకట్లో కూడా చెయ్యే చెప్పేది. పెళ్ళయ్యాక భర్తతో భద్రాచలం వచ్చి, కడుతున్న ఇళ్ళ దగ్గర ఇసుక గమేళాలు మోసింది. ఆడవాళ్ళు మొయ్యాలి, మగవాళ్ళు పుయ్యాలి, అది అక్కడి పద్ధతి. ఒక పాత సత్రం గోడలు బాగుచేస్తుంటే ముసలి మేస్త్రి ఒకాయన తాపీ ఈమె చేతికిచ్చి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆయన చెయ్యాల్సిన గోడ అయిపోయింది. కోపం వచ్చిందా అంటే, ఆయన ఇంకో టీకి వెళ్ళాడంది ఆదెమ్మ. సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలపడం నేర్పింది ఆయనే. ఆ ముసలాయన పోయాడు, భర్త కూడా పోయాడు, తాపీ మిగిలింది. ఆమె చెయ్యి పట్టే చోట దాని పిడి నున్నగా అరిగి సన్నబడిపోయింది.

"మరి ఆ అశ్వాపురం బిందె?" అని నాగలత మూడు రోజులు తటపటాయించి అడిగింది.

"బిందె ఏందే? చెంబు. గోడల పాత గూడును ఎవరో పూసేసిన్రు. తెరిస్తే చెంబుండె. అండ్ల మూడు గుండీలు, ఎండిపోయిన బల్లి. గుండీలు మంచియే. ఇంటామె కుట్టించుకున్నది."

నాగలత నవ్వింది. తండ్రికి చెప్పాలనుకుంది. కానీ తండ్రికి ఏదైనా చెప్పాలంటే ముందు ఆయన ఎదురుగా నిలబడాలి, తర్వాత గొంతు పెగలాలి. ఈ రెండూ ఒకే రోజు జరగడం కష్టం.

ఇట్లా అయిదో రోజు వచ్చింది, ఆరో రోజు వచ్చింది. ఆదెమ్మ ఇంకా పూత మొదలుపెట్టలేదు. గోడ మీద వరద ఉప్పు తెల్లగా పిండిలాగా పూసింది. దాన్ని పొడి చీపురుతో ఊడ్చింది. మర్నాటికి మళ్ళీ పూసింది. మళ్ళీ ఊడ్చింది. ఇటుకల సందుల్లో వదులైన మట్టిని గీకింది, ఊదింది. వెనక వాకిట్లో డ్రమ్ములో సున్నం నానుతోంది. దాని పక్కన కుండలో కరక్కాయ బెల్లం నీళ్ళు. బెల్లం వాసనకు మండలంలో ఉన్న చీమలన్నీ హైమ వాకిట్లోకి వచ్చాయి.

"గోడకు బెల్లం ఏంటమ్మా? మా ఆయన కాఫీలోకి లేదు," అంది హైమ.

"గోడ మీద పట్టుకోవాలంటే ఇయ్యాలె అమ్మా. కాఫీకి ఏముంది, గొంతుల నుంచి జారిపోతది."

ఉప్పు పూయడం ఆగిన చోట ఆమె నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎండిన గోడ మీద పూస్తే అది పూతలోని తడినంతా పీల్చేసి పొడి చేస్తుంది, అందుకని ముందే దాని దాహం తీర్చాలి. ఈ సంగతి ఆమె వెంకటప్పయ్యకు చెప్పింది. ఆయన విన్నాడు, నమ్మలేదు. ఆయన లెక్క వేరు. వీరబాబు రెండు రోజుల్లో పూసి పోయాడు. ఈమె తొమ్మిది రోజులుగా కొడుతోంది, గీస్తోంది, ఊడుస్తోంది, తడుపుతోంది, ఒక్క తాపీడు కూడా పూయడం లేదు. అంటే ఆమె వచ్చింది పూయడానికి కాదు.

దానికి తోడు వీధి గోడ మీద ఒక పెద్ద సున్నా ఉంది. అన్నిటికంటే పెద్దది, కిటికీ అంత. మిగతా సున్నాలన్నీ తవ్వేసిన ఆదెమ్మ దాన్ని మాత్రం ముట్టుకోలేదు. పైగా దాని నడిమధ్యన ఇంటూ గుర్తు పెట్టింది.

"అదేంటి ఆదెమ్మా, దాన్ని వదిలేశావు?" అన్నాడు వెంకటప్పయ్య, చాలా మామూలుగా అడిగినట్టు, చేతులు వెనక్కి కట్టుకుని.

"అది ఇప్పుడు ముట్టొద్దయ్యా. నేను చెప్పేదాక ఎవ్వరూ ముట్టకున్రి."

"ఎందుకని?"

"లోపల వేరే ఉన్నది. చెప్త, టైమొస్తే."

ఆమె ఉద్దేశంలో అందులో దాపరికం ఏమీ లేదు. అక్కడ చెమ్మ ఆరలేదు, ఆరకుండా తెరిస్తే మిగతా గచ్చు కూడా జారుతుంది. ఇంటూ గుర్తంటే ఆరేదాకా ఆగమని. లోపలి కట్టుబడి వేరేగా ఉంది, తెరిచినప్పుడు చూసి చెప్పవచ్చని అన్నది. కానీ వెంకటప్పయ్య ఆ రాత్రి పెరుగన్నం దగ్గర చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి అట్లాగే కూర్చున్నాడు.

పదో రోజున ఆదెమ్మ సంచి సర్దుకుంది. ఊళ్ళో కొత్తల పండగ, కొత్త ధాన్యం వండి పెద్దలకు పెట్టనిదే వాళ్ళు ముద్ద నోట్లో పెట్టరు, రెండు రోజులు రానంది.

"పూటకింత నీళ్ళు చల్లు బిడ్డా. ఆ పెద్దదాని మీద మాత్రం చల్లకు. వచ్చినంక పూత పెడ్త. దసరాకు ఇంక మూడు వారాలున్నయ్, మస్తు."

మర్నాడు వెంకటప్పయ్య భార్యను బస్సెక్కించాడు.

"భద్రాచలం వెళ్ళి రా. రాములవారిని చూసి ఎన్నాళ్ళయింది."

పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నోటి నుంచి ఈ మాట రావడం మొదటిసారి. హైమ అనుమానంగా చూసింది. కానీ బస్సు కదలబోతోంది, ఎక్కేసింది. ఆయన కొట్టుకు తాళం వేసి వచ్చి, తలుపు గడియ పెట్టి, గునపం తీశాడు. అప్పుడు మెట్ల కింద కూతురుందని గుర్తొచ్చింది.

"లతా, నువ్వు మిషను తొక్కు."

"ఏం కుట్టాలి నాన్నా?"

"ఏం కుడతావో నాకెందుకు. చప్పుడు రావాలి. ఆపకు."

మిషను కింద గుడ్డ లేదు, సూదిలో దారం లేదు. నాగలత తొక్కింది. తొక్కుతూ ముందు గదిలోకి తొంగి చూసింది. తండ్రి పంచె ఎగగట్టి, పెద్ద సున్నా ముందు నిలబడి, ఒకసారి తూర్పుకు తిరిగి దండం పెట్టి, గోడకు చెవి ఆనించాడు. గునపం మొనతో టక్ మని కొట్టాడు. చప్పుడు బోలుగా వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటూ మధ్యలో మొదటి పోటు పొడిచాడు.

ఈ గోడ మీదే తొమ్మిది రోజుల పని ఉంది. సున్నాల అంచులు ఆదెమ్మ ఎంత జాగ్రత్తగా చెక్కిందో నాగలత దగ్గరుండి చూసింది. పోటు పోటుకు గోడంతా అదిరి, ఆ అంచుల దగ్గర ఇసుక రాలుతోంది. దసరాకు ఈ గోడ బాగుపడదు. బస్తాలు దిగుతాయి. తను మెట్ల కిందే ఉంటుంది, ఆడవాళ్ళ తలలు మెట్టుకు తగులుతూనే ఉంటాయి. ఆపండి నాన్నా అనాలి. నోట్లో మాట సిద్ధంగానే ఉంది. కాళ్ళు మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాయి. గంటసేపు ఖాళీ మిషను తొక్కింది. చేతిలో ఒక్క కుట్టు లేదు, ఒళ్ళంతా చెమట.

లోపల తండ్రికి అన్నీ శుభశకునాలే కనిపిస్తున్నాయి. గచ్చు ఊడగానే లోపల పెద్ద ఇటుకలు కాకుండా చిన్న ఇటుకలు వచ్చాయి. వాటి మధ్య సున్నం కాదు, ఉత్త మట్టి. ఎవరో ఆ తర్వాత మూసినట్టే ఉంది.

"మూశారు," అన్నాడు తనలో తాను. "మా నాన్నే మూసుంటాడు. నాకొక్క ముక్క చెప్పలేదు, గట్టి మనిషి."

రెండు ఇటుకలు లాగాడు. మూడోది కదిలింది. గునపం వెనక్కి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్క పోటు పొడిచాడు. గునపం ఏమీ తగలకుండా సగం దాకా దూరిపోయింది. దాని వెంట ఆయన కూడా గోడ మీద పడ్డాడు.

అవతల వైపు గోపాలు టీ బండి ఉంది కదా. ఆ వేళకు ఏడెనిమిది మంది టీ తాగుతున్నారు. గోడలోంచి హఠాత్తుగా ఒక గునపం వచ్చి, పాల గిన్నె పక్కన ఆగింది. దాని వెంట ఒక ఇటుక వచ్చి పాలలో పడింది. తర్వాత గునపం వెనక్కి వెళ్ళింది, ఆ సందులో వెంకటప్పయ్య కన్ను ఒకటి కనిపించింది.

గోపాలు పాలలోంచి ఇటుక తీసి పక్కన పెట్టాడు.

"ఏంది వెంకటప్పయ్య గారూ. టీ గావాలంటే తలుపు దిక్కు నుంచి రావచ్చు గదా."

కన్ను మాయమైంది. ఇంకో ఇటుక దానంతటదే ఊడి పడింది. ఈసారి మొహం మొత్తం కనిపించింది, కనుబొమ్మల దాకా సున్నం. వీధిలో జనం పెరిగారు. సైకిల్ దిగినవాళ్ళు, బస్సు కోసం వచ్చి బస్సు వదిలేసినవాళ్ళు, అందరూ.

"దొరికిందా?" అన్నారు వెనకాల ఎవరో.

"ఏంటి దొరికేది?" అన్నాడు వెంకటప్పయ్య.

"అదే. ఆదెమ్మ చెప్పింది."

"ఎన్ని బిందెలు?" అన్నారు ఇంకెవరో. "మూతలున్నయా?"

బిందెలు లేవంటే ఎందుకు తవ్వాడని అడుగుతారు. ఉన్నాయంటే రేపటికి పోలీసు జీపు వస్తుంది. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, గోడ కన్నంలో ఇరుక్కున్న మనిషికి చూడడానికి ఎక్కువ దిక్కులు లేవు.

మిషను చప్పుడు ఆగింది. తండ్రి వెనకాలకు వచ్చి నిలబడి నాగలత మెల్లగా అంది.

"కిటికీ అనండి నాన్నా."

"ఏంటి?"

"కిటికీ. నా షాపుకి."

వెంకటప్పయ్య కూతురి వంక చూశాడు. ఆ పిల్ల ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడడం ఆయన ఎరగడు. తర్వాత కన్నంలోకి తిరిగి, గొంతు సవరించుకుని, వీధి వీధంతా వినబడేట్టు చెప్పాడు.

"కిటికీ పెడుతున్నానయ్యా. మా అమ్మాయి కుట్టు షాపు ఈ గదిలోనే. ఆడవాళ్ళు ఇక్కడే గుడ్డలిచ్చి ఇక్కడే తీసుకుపోవచ్చు. దసరాకి మొదలు. అందరూ ఇళ్ళల్లో చెప్పండి."

"గునపంతో కిటికీ పెడ్తరా?" అన్నాడు గోపాలు.

"నా గోడ, నా గునపం."

అందరి ముందూ అనేశాడు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. నాగలత గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

సాయంత్రం హైమ ప్రసాదంతో వచ్చింది. గదిలోకి చూసింది. కన్నంలోంచి గోపాలు టీ బండి కనిపిస్తోంది. గోపాలు నమస్కారం పెట్టాడు. హైమ ప్రసాదం పొట్లం భర్త చేతిలో పెట్టి, "ఇందుకా రాముడు," అంది. మూడు రోజులు ఆయనతో ఆమె మాట్లాడిన మాట అదొక్కటే.

పండగ చూసుకుని వచ్చిన ఆదెమ్మ గుమ్మంలో సంచి దించి చాలాసేపు ఆ కన్నం చూసింది. వెంకటప్పయ్య కొట్టుకు వెళ్ళబోతున్నట్టు చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"ముట్టొద్దన్న గదయ్యా."

"కిటికీ..."

"అవ్, కిటికీనే." ఆమె పైకి చూపించింది. కన్నం పైన, ఊడిన గచ్చు వెనక, నల్లబడిన టేకు దిమ్మె ఒకటి అడ్డంగా ఉంది. "ఇక్కడ ముందు కిటికీ ఉండె. ఎవరో మూసిన్రు. అందుకే చెమ్మ ఇడుస్తలేదు. ఆరినంక చెప్దామనుకున్న, తెరిస్తే తెరుస్తరు, లేకుంటే లేదని."

ఆ కిటికీ సంగతి పెద్ద తరం వాళ్ళెవరికో తెలిసి ఉండాలి. ఆ రోజు కొట్టుకు వచ్చిన ముసలాయన చెప్పాడట, వీధిన పోయేవాళ్ళు తను ఏం తింటున్నాడో చూస్తున్నారని వెంకటప్పయ్య పుట్టకముందే ఆయన తండ్రి మూయించాడని. ఈ విషయం విన్నాక వెంకటప్పయ్య మొహం తేటపడింది. అబద్ధమాడలేదని తేలింది కదా. ఆ రోజు నుంచి ఆయన ఆ కథను, తనకు మొదటి నుంచీ కిటికీ సంగతి తెలుసన్నట్టే చెబుతాడు.

ఆదెమ్మ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. గునపం పోట్లకు అదిరిన చోటల్లా తిరిగి కొట్టి చూసింది, కొత్త సున్నాలు గీసింది, వదులైంది తీసింది, అంచులు వాలుగా చెక్కింది, ఊడ్చింది, తడిపింది. ఈసారి వెంకటప్పయ్య నోరెత్తలేదు. పూటపూటా బక్కెట్టు నిండా నీళ్ళు తనే మోశాడు. చివరికి ఆమె తాపీ చేతబట్టి పూయడం మొదలుపెడితే, అది రెండున్నర రోజుల్లో అయిపోయింది. పలచగా ఒక పొర, అది బిగుసుకున్నాక ఇంకో పొర. ఆఖరున అరచేత్తో నిమిరింది. కిటికీ చుట్టూ పూత ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో తెలియలేదు. దసరాకు ముందు రోజు నాగలత మిషను ముందు గదిలోకి వచ్చింది. కిటికీ ఆమెకు సరిపోయింది. అవతలివాళ్ళు మొహం చూడాలంటే వంగాలి, ఆమె మాత్రం గుడ్డ తీసుకుని తల ఊపితే చాలు.

ఊళ్ళో కథ ఇంకా పెరిగింది. బిందెలు దొరికాయి, కిటికీ ఉత్త నాటకం, లేకపోతే ఎరువుల కొట్టు ఆయన ఆడపిల్లకు షాపెందుకు పెట్టిస్తాడు. ఆదెమ్మకు చీర పెట్టారు కూడా, అదొక్కటే అందులో నిజం. హైమ జాకెట్టు ముక్క కూడా కలిపి పెట్టింది. దాన్ని నాగలతే కుట్టింది.

ఆ జాకెట్టు కొలతలు తీసే రోజు ఆదెమ్మ కిటికీ పక్కన గోడను చివరిసారి చూసుకుంటోంది. ఎడమ చెంప గోడకు ఆనించింది, ఒక కన్ను మూసింది, అరచెయ్యి పరిచింది. తర్వాత గోడకు ఎదురుగా తిరిగి అరచేత్తో నిమురుతుంటే నాగలత టేపు పట్టుకుని దగ్గరకు వచ్చింది. ఆదెమ్మ కుడి పక్కన కిటికీ తలుపు అడ్డం ఉంది. అందుకని ఈసారి ఎడమ వైపు నిలబడింది. మొదటి రోజు తండ్రి అడిగిన మాట తనూ అడగాలనిపించింది.

"అక్కా, గోడ ఏమంటోంది?"

ఆదెమ్మ పలకలేదు. నాగలత కొంచెం గట్టిగా అడిగింది. పలకలేదు. మూడోసారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆదెమ్మ ఉలిక్కిపడి తిరిగి చూసింది.

"ఆ దిక్కు నుంచి మాట్లాడకు బిడ్డా, ఎన్నిసార్లు తిప్పిన నిన్ను. ఏం అడిగినవ్?"

"చెవి పెట్టి ఏం వింటున్నావని."

"వినేదేంది? గోడ ఎంబడి కన్ను పారిస్తే ఎత్తుపల్లాలు కనబడ్తయ్. డొల్లుంటే అరచేతికి అదురు తెలుస్తది." ఆమె చెవికి అంటిన సున్నం కొంగుతో తుడుచుకుంది. చిన్నప్పుడు చెవిలో చీము పట్టిందట, దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైందట.

ఆదెమ్మ గోడకు ఆనించే ఆ ఎడమ చెవి ఏడేళ్ళ వయసు నుంచీ వినపడదు.